అభినవ బెనెడిక్ట్ ఆర్నాల్డ్

రెండువేల ఆరు, జూలై ఒకటి, శనివారం. పొద్దున్న ఎనిమిది గంటలకు రామలింగేశ్వరరావు వేసుకున్న పథకం ప్రకారం ఆ రోజు చాలా సుఖంగా గడవాలి. శాలువా ఇస్త్రీ చేయడం, పూలదండ తెచ్చుకోవడం, మధ్యాహ్నం మూడింటికల్లా హాలుకు చేరుకుని వాల్టర్ గారికి సన్మానం చేయడం, అంతే. నడుమ ఒక కునుకు తీయడానికి గంటన్నర కేటాయించుకున్నాడు కూడా. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మనిషి కనుక అతని పథకాల్లో లోటు ఉండదు. లోటంతా అవి నడిచేటప్పుడే బయటపడుతుంది.

వాల్టర్ హచిన్స్ గారు ఆక్లండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్ పేటలో, రామలింగేశ్వరరావు వాళ్ళ పక్క వీధిలోనే ఉంటారు. పుట్టింది అమెరికాలో. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చి ఆక్లండ్‌లో దిగారు. ఆ తర్వాత ముప్పయ్యేడేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే వాన గురించి మాట్లాడతారు. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. ఎప్పుడో పైకప్పు బాగుచేస్తూ జారిపడ్డందువల్ల ఎడమకాలు కొంచెం ఈడుస్తారు.

ఆరేళ్ళ కిందట రామలింగేశ్వరరావు డ్రైవింగ్ టెస్టులో మూడోసారి తప్పి, ఫుట్‌పాత్ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చేతికి రాబోతున్న ఉద్యోగం లైసెన్సు లేనిదే ఇవ్వమన్నారు. తెనాలి తిరిగి వెళ్ళిపోవడానికి టికెట్ల ధరలు కూడా అడిగి పెట్టుకున్నాడు. అప్పుడు అటుగా వెళుతున్న ఈ ముక్కూమొహం తెలియని దొర ఆగి, సంగతి విని, తన పాత కారు తలుపు తీసి, "ఎక్కు, ఇంకోసారి చుట్టి వద్దాం" అన్నారు. ఆ చుట్టడం ఏడు వారాలు సాగింది. ఎడమకు తిరిగేవాడు కుడికి తిరిగేవాడికి దారి ఇవ్వాలనే ఆ దేశపు వింత నియమం బుర్రకెక్కేదాకా ఆయన విసుక్కోలేదు, గొంతు పెంచలేదు, పైసా పుచ్చుకోలేదు. నాలుగో టెస్టు పాసైన రోజున రామలింగేశ్వరరావు కారులోనే భోరుమని ఏడ్చాడు. వాల్టర్ గారు కిటికీ బయటకు చూస్తూ వాన గురించి మాట్లాడారు.

తర్వాత అతని భార్య సీతారత్నం నేర్చుకుంది. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు, మొత్తం ఇరవై ముగ్గురు తెలుగువాళ్ళు ఆయన చేతిమీదుగా రోడ్డెక్కారు. ఇప్పుడాయన ఇల్లు అమ్మేసి, టౌరంగాలో నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నారు. సోమవారమే ప్రయాణం. ఆయనను ఉత్తి చేతులతో పంపడమా? తెలుగు మిత్రమండలి సమావేశమై, అమెరికా స్వాతంత్ర్య దినం దగ్గర్లోనే ఉంది కనుక ఆ శనివారం నాడే సన్మానం చేయాలని తీర్మానించింది. సన్మాన పత్రం రాసే పని రామలింగేశ్వరరావు అడిగి మరీ నెత్తికెత్తుకున్నాడు.

సన్మాన పత్రాలు రాయడంలో అతనిది అందెవేసిన చెయ్యి. తెనాలిలో రిటైరయ్యే హెడ్మాస్టర్లకు, బదిలీ అయ్యే తహసీల్దార్లకు పాతిక దాకా రాశాడు. ఒకరికిచ్చిన బిరుదు ఇంకొకరికి ఇవ్వలేదన్నది అతని గర్వం. వాల్టర్ గారికి "అభినవ వాషింగ్టన్" అని ఇద్దామని అందరూ అంటే, అది రోడ్డుకొకరికి ఇచ్చే బిరుదని తోసిపుచ్చి, ఎవరూ ముట్టని అమెరికా వీరుడి కోసం ఆఫీసులో ఇంటర్నెట్ గాలించాడు. బెనెడిక్ట్ ఆర్నాల్డ్ దొరికాడు.

వ్యాసం ప్రింటు కొడితే ఒక్క పేజీ వచ్చింది. మిషన్లో కాగితాలు అయిపోయాయి. ఆ ఒక్క పేజీ చాలు, మనసు కరిగిపోయింది. గడ్డకట్టే చలిలో సైన్యాన్ని నడిపించుకుని అడవులు దాటాడట. యుద్ధంలో ఎడమకాలికి గుండు తగిలితే లెక్కచేయలేదట. సరటోగా దగ్గర ముందుండి పోరాడి, మళ్ళీ అదే కాలు పోగొట్టుకున్నంత పని చేసుకుని గెలిపిస్తే, ఆ పేరంతా ఇంకొకాయన కొట్టేశాడట. అంతకుముందే తనకంటే జూనియర్లు అయిదుగురికి ప్రమోషన్లు ఇచ్చి ఆయనను పక్కన పెట్టారట. ఆఫీసులో రామలింగేశ్వరరావుకు జరిగిందీ అదే, కాకపోతే జూనియర్లు ఇద్దరే. ఎడమకాలు, ధైర్యం, పేరు కోరని మంచితనం, అన్నీ కలిశాయి. రెండో పేజీలో మాత్రం కొత్తగా ఏముంటుంది, ఇలాంటి గొప్పలే కదా అనుకున్నాడు.

ఆ పూట అతను పటం కట్టించిన పత్రాన్ని వంటింటి బల్ల మీద ఆనించి, గొంతు సవరించుకుని, రిహార్సల్ మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ళ కూతురు హేమశ్రీ కార్న్‌ఫ్లేక్స్ తింటూ పటం వైపు చూసి చెంచా ఆపేసింది.

"డాడ్, ఈ నేమ్ ఎందుకు ఉంది దీంట్లో?"

"అది బిరుదమ్మా. వాల్టర్ తాతగారికి ఇస్తున్నాం. బెనెడిక్ట్ ఆర్నాల్డ్ అంటే అమెరికాలో పెద్ద వీరుడు."

"డాడ్! హీ ఈజ్ ద ట్రైటర్! అమెరికన్ కార్టూన్స్‌లో ఎవరైనా ఫ్రెండ్‌ని చీట్ చేస్తే, 'యూ బెనెడిక్ట్ ఆర్నాల్డ్' అంటారు. లైక్, అది తిట్టు!"

రామలింగేశ్వరరావు నవ్వి, కార్టూన్లు చూసి చరిత్ర నేర్చుకోకూడదని హితబోధ చేశాడు. హేమశ్రీ కంప్యూటర్ పెట్టి రెండో పేజీ తీసి చూపించింది. వెస్ట్ పాయింట్ అనే కోటను డబ్బుకు బ్రిటిష్ వాళ్ళకు అప్పగించబోయాడని, గుట్టు బయటపడగానే పడవెక్కి శత్రువుల ఓడలోకి పారిపోయాడని, ఆనక వాళ్ళ తరఫున సొంత దేశం మీదే యుద్ధానికి వచ్చాడని, ఆ దేశంలో ద్రోహి అనడానికి ఈనాటికీ ఆయన పేరే వాడతారని అందులో ఉంది. చదువుతున్నకొద్దీ రామలింగేశ్వరరావుకు ముచ్చెమటలు పట్టాయి. జూలై నెలలో, నడి చలికాలంలో, ఆక్లండ్‌లో చెమట పట్టడం అంత తేలిక కాదు.

"రత్నం! కొంప మునిగింది!"

సీతారత్నం పులిహోర కలుపుతున్న చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. విషయం విని కుర్చీలో కూలబడింది. "అయ్యయ్యో! అంత మంచాయన్ని పిలిచి, శాలువా కప్పి, నువ్వు ద్రోహివని రాసిస్తామాండీ? ఆయన వల్లే కదా నేనీ దేశంలో ఎవరి మీదా ఆధారపడకుండా ఉజ్జోగానికి వెళ్ళొస్తున్నాను!"

"అందుకే ఆయన మొహం చూడలేననిపిస్తోంది. పైగా ఇక్కడ ఉండే రెండ్రోజులూ అదే తలుచుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ దిద్దుకునే అవకాశం కూడా ఉండదు." రామలింగేశ్వరరావు పటాన్ని బోర్లించాడు.

ఆ పేరు మూడు చోట్ల ఉంది. పత్రం ఇంట్లోనే ఉంది కనుక కొత్తది ప్రింటు చేసే పని హేమశ్రీ తీసుకుంది. హాలు ముందు కట్టాల్సిన బ్యానర్ మిత్రమండలి అధ్యక్షుడు జనార్ధనరావు గారి ఇంట్లో ఉంది. ఇత్తడి రేకు బిగించిన చెక్క షీల్డు పాపటోయిటోయి పేటలో ఉండే మిత్రమండలి కుర్రాడు దుర్గేష్ దగ్గర ఉంది. రామలింగేశ్వరరావు ముందుగా జనార్ధనరావు గారికి ఫోన్ చేశాడు. ఆయన పూజలో ఉన్నట్టున్నారు, మెసేజ్ మిషన్ పలికింది. వగర్చుకుంటూ చెప్పాడు.

"జనార్ధనరావు గారూ, నేను రామలింగేశ్వరరావునండీ. ఘోరం జరిగిపోయింది. మనమనుకున్నట్టు ఆయన గొప్పవాడు కాదండీ. దేశద్రోహి! సొంత సైన్యానికే ద్రోహం చేసి, దొరికిపోతానని ఓడెక్కి పారిపోయాడట. ఇప్పుడే మా అమ్మాయి కంప్యూటర్లో చూపించింది. ఆ బ్యానర్ మాత్రం కట్టకండి. ఎవరికీ చెప్పకండి. మిగతాది వచ్చాక చెబుతాను."

కంగారులో ఏ ఆయనో చెప్పలేదు. ఆ సంగతి అతనికి తట్టనూ లేదు. దుర్గేష్‌కు చేస్తే ఫోన్ ఎత్తలేదు. విమానాశ్రయం దగ్గరి గోడౌన్లో పని, అక్కడ మధ్యాహ్నం దాకా ఫోన్లు లాకర్లలో పెట్టించేస్తారు. ఇక తనే వెళ్ళడం మేలని తాళాలు పట్టుకుని ఒక్క పరుగున బయలుదేరాడు. తన ఫోను ఇస్త్రీ పెట్టె పక్కన ఉండిపోయింది.

జనార్ధనరావు గారు పూజ ముగించి, విభూతి పెట్టుకుని, మెసేజ్ విన్నారు. విని మళ్ళీ విన్నారు. ఆయన చిత్తూరు నుంచి వచ్చి పదిహేనేళ్ళయింది, ప్రతి విషయాన్నీ అందరికంటే ముందే ఊహించానని చెప్పుకోవడం అలవాటు. ఓడెక్కి రావడం, ముప్పయ్యేడేళ్ళు దేశం మొహం చూడకపోవడం, అడిగితే వాన గురించి మాట్లాడడం... అన్నీ గొలుసుకట్టుగా అమిరిపోయాయి. "నేను అప్పుడే అనుకున్నాను" అని గోడకేసి గట్టిగా అన్నారు. ఎవరికీ చెప్పవద్దన్నాడు కనుక ఒక్క ఉపాధ్యక్షుడికే చెప్పి, ఎవరికీ చెప్పవద్దన్నారు. ఉపాధ్యక్షుడూ అంతే నిష్ఠగా ఒక్క కార్యదర్శికి చెప్పాడు. పదకొండు గంటలకల్లా ఇరవై ముగ్గురి ఇళ్ళలోనూ అది పరమ రహస్యంగా ఉంది.

కిరణ్మయి అనే అమ్మాయికి మాత్రం నమ్మకం కుదరలేదు. కిందటేడు రెండో కాన్పు ముందు ఆమెకు లైసెన్సు ఇప్పించింది వాల్టర్ గారే. నేరుగా సీతారత్నానికే ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ దేశద్రోహం సంగతి నిజమేనా?"

"నిజమేనమ్మా. అంకుల్‌కి పొద్దున్నే తెలిసింది. నేను కూడా కళ్ళారా చదివాను."

"అయ్యో! మరి ఫంక్షన్ క్యాన్సిలా?"

"ఎందుకు క్యాన్సిలవుతుంది? పేరు మార్చేస్తున్నాం, అంతే. హేమ ఇప్పుడే కొత్త పేరుతో కాగితాలు తయారుచేస్తోంది. ఆయనకి మాత్రం తెలియనివ్వకు తల్లీ, బాధపడతాడు."

పేరు మార్చి, దొంగ కాగితాలు కూడా తయారుచేస్తున్నారని కిరణ్మయికి అర్థమైంది. వ్యవహారం పోలీసుల దాకా వెళ్ళే పరిస్థితి ఉందేమోననుకుని భయపడింది. అయినా రిసీవర్ పెట్టి, కళ్ళు తుడుచుకుని, అరకిలో పెసరపప్పు నానబోసింది. ద్రోహి అయితే మాత్రం? నిండు నెలలతో ఉన్న తనకు సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో పది సార్లు ఓపికగా చూపించిన మనిషి. ఈ రోజున ఆయనకు తోడుగా నిలబడకపోతే ఇంకెప్పుడు నిలబడాలి? అదే ముక్క ఆమె తనకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

పాపటోయిటోయిలో రామలింగేశ్వరరావు ఫిజీ నుంచి వచ్చిన భారతీయుల కొట్లో పూలదండ కొని, గోడౌన్ ముందు కారులో పన్నెండు దాకా పడిగాపులు పడ్డాడు. దుర్గేష్ బయటకు వచ్చాడు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన యువకుడు. లాకర్లోంచి అప్పుడే తీసిన ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దుర్గేష్, ఆ షీల్డు ఎక్కడ? పెద్ద తప్పు జరిగింది, ఆయన..."

"నాకెర్కైందన్నా. కిరణ్మయి అక్క మెసేజ్ పెట్టింది. మస్తు బాధైంది. గని ఒక్కటి జెప్త. ఏం జేసిండో జేసిండు, అయినా మనోడే కదన్నా."

"మనోడా?" రామలింగేశ్వరరావు తెల్లబోయాడు.

"మనోడు గాకపోతే ఎవలోడు? గంతమంచి మనిషి ఉట్టిగ జేస్తడా? ఆ టైముల ఏం కష్టమొచ్చిందో ఏందో."

రెండు వందల ఏళ్ళ కిందటి సేనాని మీద దుర్గేష్‌కు ఇంత మమకారం ఏమిటో రామలింగేశ్వరరావుకు అంతుపట్టలేదు. తెల్లవారుజామున పనిలోకి దిగినవాడు, అలసట వల్ల అలా మాట్లాడుతున్నాడని సరిపెట్టుకున్నాడు. దుర్గేష్ కారు డిక్కీ తీసి షీల్డు చూపించాడు. ఇత్తడి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలతో ఆ పేరు మెరిసిపోతోంది.

"మంచిగ లోతు చెక్కిచ్చిన అన్నా, నూరేండ్లైనా పోదు" అన్నాడు అలవాటుగా.

చెక్కిన షాపుకు వెళితే శనివారం పన్నెండింటికే మూసేశారు. చివరకు మూల మీది డైరీలో, అంటే అక్కడి వీధి కిరాణా కొట్లో, బంగారు రంగు కాగితం, జిగురు కొన్నారు. "మా గురువుగారికి కృతజ్ఞతలతో" అని ఇంగ్లీషులో అందంగా రాసి, పేరున్న చోట అతికించారు. దూరం నుంచి చూస్తే పరవాలేదు. దగ్గర నుంచి చూడనివ్వకుండా ఉంటే చాలు. కునుకు తీయాల్సిన గంటన్నర ఆ జిగురు ఆరబెట్టడంలోనే గడిచిపోయింది.

హాలు దగ్గరకు వచ్చేసరికి జల్లు పడుతోంది. నలభై మంది వస్తారనుకుంటే తొంభై మందికి తక్కువ లేరు. ఇరవై ముగ్గురూ ఇంటిల్లిపాదితో వచ్చారు. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకొచ్చారు. బల్ల మీద గారెలు, పెసరట్లు, పులిహోర గిన్నెలు గుట్టలుగా పేరుకున్నాయి. బ్యానర్ లేదు. రామలింగేశ్వరరావు జనార్ధనరావు గారికి కళ్ళతోనే కృతజ్ఞత చెప్పాడు. ఆయన కూడా బరువుగా తల పంకించారు.

వాల్టర్ గారు ముందు వరుసలో బితుకుబితుకుమంటూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు వదలకుండా, తడికళ్ళతో చూసి పోతున్నారు. "మేమందరం మీ వైపే" అని ఒకతను చెవిలో చెప్పి వెళ్ళాడు. కిరణ్మయి అత్తగారు నాగమణి గారు ఆయన బుగ్గ నిమిరి, "పోనీలే నాయనా, అయిందేదో అయింది, మనసులో పెట్టుకోకు" అంది తెలుగులో. ఆయన "థాంక్యూ" అన్నారు. టౌరంగా వెళ్ళడం ఇంత పెద్ద విషాదమని ఆయనకు అప్పటిదాకా తెలియదు. రామలింగేశ్వరరావు మాత్రం ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేడు. అతని చూపంతా ఒళ్ళో ఉన్న షీల్డు మీద, జల్లుకు తడిసి ఒక మూల లేస్తున్న బంగారు కాగితం మీద ఉంది.

జనార్ధనరావు గారు మైకు ముందుకు వచ్చి, జేబులోంచి కాగితాలు తీసి, ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలుపెట్టారు. దాని సారాంశం ఇది: "ఈ మహానుభావుడు తన దేశానికి ఏం చేశాడో మనం అడగం. సైన్యం విషయంలో ఏం జరిగిందో, రాత్రికి రాత్రి ఓడెక్కి ఎందుకు వచ్చాడో మనకు అనవసరం. ఆయన అసలు పేరు ఏదైనా కావచ్చు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. మేం మిమ్మల్ని క్షమిస్తున్నాం!"

హాలంతా చప్పట్లు మార్మోగాయి. రామలింగేశ్వరరావు కుర్చీ వెనక్కి నెట్టాడు. షీల్డు పట్టుకుని లేచాడు.

"ఏం మాట్లాడుతున్నారండీ? ఎవర్ని క్షమిస్తున్నారు?"

"మీరే కదా మెసేజ్ పెట్టారు!" అన్నారు జనార్ధనరావు గారు, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. "దేశద్రోహి అన్నారు, సైన్యానికి ద్రోహం చేసి ఓడెక్కి పారిపోయాడన్నారు."

"అది ఈయన గురించి కాదు మహాప్రభో..." అని అతను నెత్తి బాదుకునేలోపే వాల్టర్ గారు లేచి నిలబడ్డారు. ముఖం పాలిపోయి ఉంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ మైకు దగ్గరకు వచ్చారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా, ఇంగ్లీషు రాని నాగమణి గారికి కూడా ఆ గొంతు అర్థమైంది.

"మీకెవరు చెప్పారో నాకు తెలియదు. చెప్పింది నిజమే. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో వియత్నాం యుద్ధానికి రమ్మని నాకు ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. నేను వెళ్ళలేదు. సరుకుల ఓడలో కూలీగా ఎక్కి ఇక్కడ దిగిపోయాను. ఎనిమిదేళ్ళ తర్వాత ప్రభుత్వం మమ్మల్ని క్షమించింది. మా నాన్న క్షమించలేదు. ఆయన పోయినప్పుడు కూడా నేను వెళ్ళలేదు. ముప్పయ్యేడేళ్ళుగా ఈ సంగతి ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదు, తెలిస్తే ఎవరూ నా ముఖం చూడరని." ఆయన ఒకసారి హాలంతా కలియజూశారు. "మీకు తెలిసి కూడా వచ్చారు. పిల్లల్ని తీసుకుని వచ్చారు."

రామలింగేశ్వరరావుకు ఏడుపొక్కటే తక్కువ. ఒక తప్పును కప్పబోయి, ఆయన ఇన్నేళ్ళు దాచుకున్న గాయాన్ని నలుగురిలో విప్పించాడు. ఇంక అబద్ధంతో ముందుకు వెళ్ళడం అతని వల్ల కాలేదు.

"వాల్టర్ గారూ, మాకు మీ సంగతి ఏమీ తెలియదండీ. నేను చెప్పింది ఈయన గురించి" అని షీల్డు ఎత్తి చూపించాడు. తడిసిన బంగారు కాగితం చప్పుడు లేకుండా జారి నేల మీద పడింది.

వాల్టర్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఇత్తడి రేకు మీద చెక్కింది చదివారు. ఇంకోసారి చదివారు. హేమశ్రీ పరిగెత్తుకొచ్చి, ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. నాన్న ఒక్క పేజీయే చదివాడని, ఆ పేజీలో ఆయన చాలా మంచివాడని, ఆ కాలు కూడా ఎడమదేనని, పొద్దుటి నుంచీ ఆ పేరు చెరపడానికే నాన్న తిరుగుతున్నాడని.

వాల్టర్ గారి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని సీతారత్నం నీళ్ళ గ్లాసుతో వచ్చింది. నవ్వుతున్నారు. నవ్వు ఆపుకోలేక కుర్చీ వెతుక్కుని కూర్చుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ షీల్డు చూసి మళ్ళీ నవ్వారు.

"మా నాన్న నాకు రాసిన ఆఖరి ఉత్తరంలో ఒక్కటే వాక్యం ఉంది. 'నాకు కొడుకు లేడు, ఇంట్లో ఒక బెనెడిక్ట్ ఆర్నాల్డ్ పుట్టాడు, అంతే' అని. దాన్ని అద్దె గదిలో ఒంటరిగా కూర్చుని చదివాను. ఆ పేరు మళ్ళీ ఎక్కడ వినబడుతుందోనని ఇన్నేళ్ళు భయపడ్డాను." ఆయన షీల్డు మీద అరచెయ్యి ఆనించారు. "ఈ పేరే తొంభై మంది కలిసి, పూలదండ తెచ్చి, ఇంత వంట చేసి, ప్రేమగా ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు."

రామలింగేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. "క్షమించండి. సోమవారం లోపల వేరే పేరు చెక్కించి తెస్తాను."

"ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే ఊరుకోను. నీకో సంగతి తెలుసా? సరటోగాలో ఆయనకు ఒక రాతి స్మారకం ఉంది. అందులో ఆయన బొమ్మ లేదు, పేరు కూడా లేదు. గాయపడిన ఆ కాలి బూటు ఒక్కటే చెక్కారు. ద్రోహం చేయని భాగం అదొక్కటే అనుకున్నారో ఏమో. మా వాళ్ళు కాలి వరకే సన్మానం చేశారు. మీరు మొత్తం మనిషికి చేశారు." ఆయన రేకు మీద మొదటి మాట మీద వేలు పెట్టారు. "ఇంతకీ ఈ అభినవ అంటే ఏమిటి?"

"కొత్త అని అర్థమండీ. ఈ కాలపు, మళ్ళీ పుట్టిన, అలాగన్నమాట."

"అయితే సరిపోయింది" అన్నారు వాల్టర్ గారు. "ఈసారి కథ మంచిగా ముగిసే ఆర్నాల్డ్."

కిరణ్మయి పూలదండ వేసింది. దుర్గేష్ ఆయన పాదాలకు దండం పెట్టబోతే, ఆయన ఏం పడిపోయిందోనని తనూ కిందకు వంగి వెతికారు. సీతారత్నం, రామలింగేశ్వరరావు కలిసి శాలువా కప్పారు. అది ఇస్త్రీ చేసి లేదు, ఎవరూ చూడలేదు. ఇరవై ముగ్గురు శిష్యులూ ఒక్కొక్కరే వచ్చి, ఏ వీధి మలుపులో ఆయన తమకు ఏం నేర్పారో చెప్పి, ఈ దేశంలో బతుకు ఇచ్చినందుకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఆయన ఎవరితోనూ వాన గురించి మాట్లాడలేదు. నాగమణి గారు మూడోసారి గారెలు వడ్డిస్తే వద్దనలేదు కూడా.

ఆ సాయంత్రం తొంభై మందిలోనూ సంతోషం లేని మనిషి ఒక్క జనార్ధనరావు గారే. వాల్టర్ గారిని క్షమించడానికి ఆయన పొద్దుటి నుంచి కూర్చుని రాసుకొచ్చిన ఉపన్యాసంలో ఇంకా నాలుగు పేజీలు మిగిలిపోయాయి.